కట్ట లోపలి గింజ

పెద్ద వరద మా మసీదు గోడను ఎత్తుకుపోయిన ఏడు ఇది మొదలైంది. పట్నంవాళ్ళకు వేరే లెక్కలుంటాయి. మా ఊళ్ళో పెళ్ళిళ్ళూ చావులూ వరదల నుంచే లెక్క. నా కూతురు బతూల్ అంతకు చాలా ఏళ్ళ ముందు వచ్చిన చిన్న వరద ఏట పుట్టింది. వాళ్ళమ్మ ఆ కాన్పులోనే పోయింది. బిడ్డను మా అమ్మ పెంచింది.

నా పని కంచెలు కట్టడం. నైలు ఒడ్డు అడవిలో తుమ్మ కొమ్మలు నరికి, ఈడ్చుకొచ్చి, మేకల దొడ్ల చుట్టూ, జొన్న కల్లాల చుట్టూ పేరుస్తాను. పెద్ద వరద ఊళ్ళో ఒక్క కంచె మిగల్చలేదు. ఆ చలికాలమంతా నేను నరికాను, బతూల్ ఈడ్చింది. ఇద్దరికీ కాళ్ళకు ఏమీ లేవు. మా బంకమట్టిలో చెప్పు నిలవదు. ముళ్ళు దిగేవి, సూదితో తీసుకునేవాళ్ళం, మళ్ళీ పనిలో పడేవాళ్ళం. బతూల్ కుడి అరికాల్లో దిగిన ముల్లు కూడా అలాగే తీశాం. ఏ రోజో గుర్తు లేదు. గుర్తు పెట్టుకునే సంగతి కాదు.

మరుసటి ఏడు అక్కడ రేగుపండంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని మేము జబ్బు కింద లెక్కపెట్టం. తర్వాత అది రెండు మూడు చోట్ల చిట్లి నీరు కారింది. నీటితోపాటు నల్లటి గింజలు వచ్చాయి. తుపాకి మందు పలుకుల్లా ఉన్నాయి. మా అమ్మ మేకు ఎర్రగా కాల్చి వాత పెట్టింది. ముల్లు కాల్లో మొలకెత్తిందని, వేరు మాడితే పోతుందని మా వాళ్ళ నమ్మకం. బతూల్ అరవలేదు. "హబ్బూబా, రొట్టె కాల్చు, నన్ను కాల్చింది చాలు" అంది నాన్నమ్మతో. వేరు మాడలేదు.

అప్పటికే బతూల్‌ను పడవ నడిపే కర్రార్‌కు ఇవ్వాలనుకున్నాం. మంచివాడే. నది ఆ ఒడ్డున వాళ్ళ ఇల్లు. వానలకు ముందు, బాటలు ఆరి ఉన్నప్పుడే నేను బతూల్‌ను లారీ ఎక్కించి ఖార్తూమ్ తీసుకెళ్ళాను.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. తెల్లకోటు మీద పైవస్త్రం కప్పుకుని ఉంది. కాలును ఒళ్ళో పెట్టుకుని నొక్కింది. గింజను గాజు పలక మీద పెట్టి చూసింది.

"ఏం పని చేస్తావు హాజ్?"

"నేను హజ్‌కు పోలేదు. కంచెలు కడతాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పటి నుంచి అనుకోండి."

"అయితే నీ కాళ్ళలో వంద ముళ్ళు దిగి ఉంటాయి."

"వందా? అరబస్తా" అంది బతూల్.

నేను అడగాలనుకున్నది అదే. అడిగాను. "నాకు రానిది దీనికెందుకు వచ్చింది?"

ఆమె కాలును కింద పెట్టలేదు. "ఒంట్లో కాపలావాళ్ళుంటారు హాజ్. నెత్తుట్లో తిరుగుతుంటారు. ముల్లుతో మట్టి పోతుంది, మట్టితో బూజు పోతుంది. నానిన రొట్టె మీద లేచే బూజుకు ఇది దాయాది. కాపలావాళ్ళు దాన్ని పట్టుకుని అక్కడికక్కడే తినేస్తారు. నీ కాళ్ళలో ఎన్నిసార్లు తిన్నారో నీకే తెలీదు."

"దీని కాల్లో?"

"తినలేకపోయారు. బూజు గింజ కట్టింది. గింజ వాళ్ళ నోటికి దిగదు. మీదీ ఏటి ఒడ్డే కదా, మొన్నటి వరదలో నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాక ఏం చేశారు?"

చెప్పాను. జొన్న పాతర్ల వెనక పల్లంలోకి నీళ్ళు ఊరాయి. తోడితే తరగలేదు. ఊరంతా కలిసి ఆ నీటి చుట్టూ కట్ట వేశాం. నీళ్ళు పోలేదు కానీ పాతర్ల మీదికి రాలేదు. చలికాలం దాకా అలాగే నిలబడ్డాయి.

"ఇక్కడ జరుగుతున్నదీ అదే" అంది. "తినలేనప్పుడు చుట్టూ నిలబడతారు. ముందు వరసవాళ్ళు చస్తారు. వాళ్ళ వెనక ఇంకో వరస వస్తుంది. వాళ్ళ వెనక గోడ కట్టేవాళ్ళు. నేను మాత్రలిస్తాను. మాత్ర బూజును నీరసపరుస్తుంది. అప్పుడు గోడ కట్టేవాళ్ళకు తెరిపి దొరుకుతుంది. గోడ మందంగా వస్తుంది."

"ఎందుకు తినలేకపోయారు? నా బిడ్డే కదా. నా నెత్తురే."

"తెలీదు హాజ్. బయట వరసలో కూర్చున్నవాళ్ళంతా అదే అడుగుతారు. ఎవరికీ తెలీదు."

బతూల్ నవ్వింది. "నాకు తెలుసు డాక్టరమ్మా. మా యాబా నోరు తెరవడు. ఆయన కాపలావాళ్ళూ అంతే, పని చేసుకుపోతారు. నావాళ్ళు నాలాగా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని ఉంటారు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. గడ్డ చిన్నదవుతుంది. గట్టిపడుతుంది. చిల్లులు పూడుకుంటాయి. నయమైందనుకుంటారు. నయం కాదు. వాత పెట్టొద్దు, కత్తి పెట్టొద్దు, ఎవరూ కెలకొద్దు. చలి మొదలై బాట ఆరగానే తీసుకురావాలి. "గోడతో సహా తీస్తాను. కోడి కడుపులోంచి గుడ్డు పగలకుండా తీసినట్టు. గోడ పగిలిందా, లోపలున్నది ఒళ్ళంతా విత్తనం చల్లుకుంటుంది. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ మా అమ్మకు చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పింది అప్పుడే.

"కాల్లో మేస్త్రీలట!" అంది అమ్మ. సాయంత్రానికి ఆడవాళ్ళందరికీ తెలిసింది. బావి దగ్గర అందరూ అదే పాట. "బతూల్, నీ మేస్త్రీలకు టీ పోశావా?" "మా వంటిల్లు పడిపోతోంది, ఇద్దర్ని పంపవే." బతూల్ బిందె ఎత్తుకుంటూ "కూలి మాట్లాడుకోండి, పంపుతా" అనేది.

వానలు పడ్డాయి. లారీలు ఆగిపోయాయి. మాత్రలు రోజూ నా ముందే మింగింది. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. నీరు కారడం ఆగింది. చిల్లులు పూడుకున్నాయి. గడ్డ తగ్గి, గుండ్రంగా, తాటిటెంకంత గట్టిగా అయింది. మా అమ్మ దాన్ని రోజూ వేలితో తట్టి చూసేది. పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు.

జొన్న కోతలయ్యాక పెళ్ళి అనుకున్నాం. ఒకరోజు కర్రార్ తల్లి నస్రా పడవ దిగి వచ్చింది. వచ్చిన పని తెలుస్తూనే ఉంది. మా పెళ్ళిళ్ళలో ఆఖరి రోజు పెళ్ళికూతురు ఆడవాళ్ళ మధ్య ఎర్రచాప మీద ఉత్తకాళ్ళతో ఆడాలి. ముందు చాలా రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, తుమ్మకర్ర పొగ పట్టించి, ఆట నేర్పుతారు. పిల్లకు ఏ అవయవంలోనూ లోపం లేదని అత్తవారి వైపు ఆడవాళ్ళు చూసుకునేది అప్పుడే. ఆడనంటే ఏదో దాచిందనే.

"నాకేం పట్టింపు లేదు" అంది నస్రా. "కోడలు కాలితో పడవ నడపాలా ఏమన్నా? కానీ చాప మీద కుంటితే మా ఒడ్డువాళ్ళు నా ముఖాన ఉమ్మేస్తారు."

"నీ కొడుకు పళ్ళు ఎత్తు" అంది మా అమ్మ. "మేమేమన్నా అన్నామా? పళ్ళతో పడవ నడుపుతాడా అని సరిపెట్టుకున్నాం."

"ఎత్తు పళ్ళు ఆడక్కర్లేదు కదా పెద్దమ్మా."

నేను చెప్పాను. "చలి వచ్చాక కోయించుకొస్తాను. పెళ్ళి ఆ తర్వాత."

"కోసిన కాలు ఎప్పుడు ఆడుతుంది?"

"వచ్చే ఏడు."

"అప్పటిదాకా నా కొడుకేం చేయాలి, తెడ్డుతో కాపురమా?"

నస్రా టీ తాగకుండా లేచింది. మా ఇంట్లో లోపలి గది అంటే మధ్యలో వేలాడదీసిన చాప. చాప వెనక బతూల్ ఉంది.

ఆ ఏడు కూడా నది కొంచెం పొంగింది. ఇంటికొక మగవాడు కట్ట మీద కాపలా ఉండాలి. పొద్దున వెళ్ళి, ఎక్కడ నీరు ఊరితే అక్కడ మన్ను వేసి, మధ్యాహ్నం తిండికి వచ్చేవాణ్ణి. ఆ రోజూ అలాగే వచ్చాను. వాకిట్లో హమ్మాద్ చేతులు కడుక్కుంటున్నాడు. హమ్మాద్ ఎముకలు కట్టేవాడు. వానలు తగ్గే వేళకు పడవ మీద ఊరూరూ తిరుగుతాడు. విరిగిన నా చెయ్యి కట్టింది ఆయనే. మంచి హస్తవాసి.

"రా కొడుకా, చూడు" అంది అమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇనప పళ్ళెం నా ముందు పెట్టింది. "మొత్తం వచ్చేసింది."

పళ్ళెంలో నెత్తురు, నల్లగింజలు. గింజల మధ్య తెల్లటి పెంకు ముక్కలున్నాయి, తోలులా మందంగా. ముక్కలు. నేను ఒకటి తీసుకుని చూశాను.

"ఇదే గోడ" అన్నాను.

"ఏ గోడరా?" అంది అమ్మ. "నాటుకుంది, మొలిచింది, గింజ పట్టింది, గట్టిపడింది. గట్టిపడ్డ కంకిని చేలో వదిలేస్తామా, పిట్టలకు? మీ డాక్టరమ్మా కోయాలనే అంది కదా. ఆమె చలిలో కోస్తుంది, ఈయన ఇవ్వాళ కోశాడు. కోత కోతే."

జొన్న పండించేవాళ్ళెవరైనా అలాగే అంటారు. ఆమె మాటలో నాకు తప్పు కనబడలేదు. పళ్ళెంలోనే కనబడింది.

"అన్నీ వచ్చాయా?" అని హమ్మాద్‌ను అడిగాను.

"కనబడ్డవన్నీ వచ్చాయి జాదల్లా."

నులకమంచం మీద బతూల్ కాలు చాపుకుని ఉంది. గుడ్డ కట్టారు. ఏడుస్తోంది, నవ్వుతోంది. "యాబా, నేనే పిలిపించాను. హబ్బూబాను ఏమీ అనకు. నొప్పే లేదు చూడు, అసలు లేదు."

హమ్మాద్‌కు రొట్టె పెట్టాం. ఆయన తింటుంటే చేతులకు నీళ్ళు పోశాను. బయట బాట నల్లగా, మోకాలి లోతు బురదగా ఉంది. లారీ వచ్చే దారి లేదు. మిగిలిన మాత్రలు ఆపొద్దన్నాను. అయిపోయేదాకా మింగింది.

పుండు ఎంత బాగా మానిందంటే, నెలయ్యేసరికి అక్కడ ఒక గీత తప్ప ఏమీ లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "మేస్త్రీలు ఊరెళ్ళిపోయారా జాదల్లా?" అంది ఒకామె. బాట ఆరాక ఖార్తూమ్ వెళ్దామన్నాను. అప్పటికే పెళ్ళికూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టారు. మానిన కాలికి డాక్టరెందుకని నస్రా అంది. మా అమ్మా అంది. బతూల్ కాలు నేలకు తాటించి చూపించింది.

ఆట మగవాళ్ళు చూడరు. నేను ఆ సాయంత్రం గోడ ఇవతల పొయ్యి దగ్గర మాంసం చూసుకుంటున్నాను. కుండ డోలు మోగింది. ఆడవాళ్ళ పాట లేచింది. కొంతసేపటికి పాట ఆగి డోలు మాత్రమే మిగిలింది. డోలు కింద మట్టినేల మీద కాళ్ళ చప్పుడు వినిపించింది. రెండు కాళ్ళూ ఒకే బరువుతో పడుతున్నాయి. నేను విన్నాను. ఒక్కసారి కూడా తడబడలేదు. నస్రా గొంతే అందరికంటే పైకి లేచి కేక వేసింది. కర్రార్ ఎత్తుపళ్ళతో నవ్వుతూ బయటకు వచ్చి నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

మళ్ళీ వానలు వచ్చే ముందు బతూల్ గాడిద మీద మా ఇంటికొచ్చింది. కర్రారే నది దాటించి ఎక్కించాడట. కాలు మీద గుడ్డ కప్పుకుని ఉంది. తీశాను. పాదం రెండింతలు లావైంది. అరికాలూ వేళ్ళ సందులూ చీలమండా అన్నీ చిల్లులే. ప్రతి చిల్లులోంచీ నల్లగింజలు.

"ఎప్పటి నుంచి?"

"నొప్పి లేదు కదా అని..." అంది.

ఆ ఏడు వానలు తొందరగా పడ్డాయి. బాట ఆరే వేళకు అది పిక్క దాకా ఎక్కింది. బయలుదేరే ముందు రోజు మా అమ్మ గోరింటాకు నూరి బతూల్ కాళ్ళకు పెట్టింది, రెండు కాళ్ళకూ. బతూల్ ముఖం తిప్పుకుంది. "పోయే కాలికి ఎందుకు హబ్బూబా?"

"పోయినా నా ఇంటి నుంచి పోతోంది" అంది అమ్మ. గోరింట చిల్లుల్లోకి కారింది. అప్పటి నుంచి ఆమె మేస్త్రీల మాట ఎత్తలేదు. అసలు మాటలే తగ్గాయి. ఇంట్లో మాటలాడనివాళ్ళు ఇద్దరమయ్యాం.

అదే డాక్టరమ్మ. మమ్మల్ని గుర్తుపట్టింది. ఎముక బొమ్మ తీయించి కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. పుచ్చిన కర్రలా ఉంది ఎముక. నేనూ చూశాను.

"గోడ ఎవరు పగలగొట్టారు?"

"మేమే" అన్నాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఇంకా ఏదో చేయవచ్చన్నట్టు ఉండేది.

బతూల్ అడిగింది. "నా మేస్త్రీలు పని మానేశారా డాక్టరమ్మా?"

"మానలేదమ్మా. ఇప్పుడే ఎక్కువ కడుతున్నారు. నీ కాలు ఇంత లావుగా ఉందంటే వాళ్ళే కదా. ఇక్కడ కడుతుంటే అది అక్కడికి పోతోంది. అక్కడ కడితే ఇంకోచోటికి. ఎముకను కూడా వాళ్ళే తవ్వుతున్నారు, దాన్ని పట్టుకోవాలని."

బతూల్ తన కాలి వంక చూసింది. "పాపం" అంది.

మోకాలి పై దాకా కాలు తీసేస్తామని చెప్పారు. నేను డాక్టరమ్మను వరండాలోకి పిలిచి అడిగాను. "తీస్తే పోతుందా?"

"గజ్జల్లో ఒక బిళ్ళ తగులుతోంది హాజ్."

"అంటే?"

"అక్కడా కాపలావాళ్ళుంటారు. వాళ్ళ దాకా చేరిందేమో. మాత్రలిస్తాం. చూద్దాం." ఆమె నా ముఖంలోకి చూడలేదు. "చూద్దాం" అని మళ్ళీ అంది.

కర్రార్ మొదటి రోజు గేటు దాకా వచ్చాడు. నారింజలు తెచ్చాడు. నారింజల సంచి కిందపెట్టి ఏడ్చాడు. నది మీద పడవ ఉంది, జనం ఎదురుచూస్తుంటారు, వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కాలు తీసేసి, స్పృహ వచ్చాక బతూల్ మొదట అడిగింది అతన్నే.

"పడవ ఆపడానికి లేదు కదా" అన్నాను.

"లేదు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ఇక్కడ వదిలేయకు యాబా. అమ్మ పక్కన పెట్టు."

ఆసుపత్రివాళ్ళు కాలును తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. మాలో మనిషిలో ఏ ముక్క పోయినా మట్టికే ఇవ్వాలి. మాతో వచ్చిన మా అమ్మను బతూల్ దగ్గర ఉంచి, లారీ మీద సరుకు బస్తాల పైన కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పక్కన కూర్చున్నతను "పసిబిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను. అతను బిడ్డ కోసం ప్రార్థన చదివాడు. నేనూ చేతులు ఎత్తాను. ఎండలో గోరింట వాసన వచ్చింది.

పొద్దుగుంకే వేళకు ఊరు చేరాను. ఎవరికీ చెప్పలేదు. బతూల్ తల్లి గోరీ పక్కన మూరెడు లోతు తవ్వాను. అంతకంటే లోతు తవ్వే బలం లేదు. పెట్టి, మన్ను కప్పి, మన్ను చేత్తో సాపు చేశాను. ఇంటికెళ్ళి పడుకున్నాను.

తెల్లవారి లేచాను. మూరెడు లోతుకు కుక్కలు వస్తాయి. గొడ్డలి తీసుకుని ఒడ్డు అడవిలోకి వెళ్ళి నాలుగు తుమ్మ కొమ్మలు నరికాను. ఈడ్చేవాళ్ళు లేరు కనుక నేనే ఈడ్చుకొచ్చాను. గోరీ చుట్టూ, పైనా పేర్చి, కర్రతో అదిమాను. అదుముతుంటే నా కుడి మడమలో ముల్లు దిగింది. కూర్చుని పీకాను. ఒక చుక్క నెత్తురు వచ్చి ఆగిపోయింది. ఆ చోటును బొటనవేలితో నొక్కి చూశాను. సాయంత్రానికి ఏమీ ఉండదు. ఎప్పుడూ లేదు.

ముల్లును కంప మీదే పడేశాను. గొడ్డలి దులిపి ఇంట్లో పెట్టి, బతూల్‌కు మార్చుకునే బట్టలు మూట కట్టుకుని, లారీ ఆగే చోటికి నడిచాను.